ముందు కరెంటు, తర్వాతే బొమ్మ: చేతి గేమ్ కన్సోల్‌ని టీవీకి కలపడం

అరచేతిలో పట్టే ఒక కన్సోల్‌ని టీవీకి తగిలించడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మా మేనల్లుడు సెలవులకి వస్తూ తన నింటెండో స్విచ్‌ని, దాని డాక్‌ని (కన్సోల్‌ని నిలబెట్టి టీవీకి కలిపే పీఠం), ఒక హెచ్‌డీఎంఐ వైరుని సంచిలో వేసుకొచ్చాడు. "మావయ్యా, పెద్ద తెర మీద ఆడదాం" అన్నాడు. ఎంతసేపట్లే అన్నాను. ఆఫీసులో ప్రొజెక్టర్ పనిచేయకపోతే అందరూ నా వైపే చూస్తారు, ఆ ధైర్యం.

టీవీలో "నో సిగ్నల్" అన్న పెట్టె ఒక మూల నుంచి ఇంకో మూలకి తాపీగా తిరుగుతోంది. వైరు మార్చాను. టీవీ వెనక పోర్టు మార్చాను. రెండో రోజు మొండికేసి టీవీని ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టాను. దాంతో ఒరిగిందేమీ లేదు, వైఫై పాస్‌వర్డ్ దగ్గర్నుంచి అన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. మూడో రోజు పొద్దున వాడు డాక్ వెనక్కి తొంగి చూసి, "ఇది నా చార్జర్ కాదు మావయ్యా, నీ ఫోన్‌ది" అన్నాడు. అసలుది సంచి పక్కజేబులో చుట్ట చుట్టుకుని పడుంది. అది పెట్టిన అరనిమిషంలో బొమ్మ వచ్చేసింది.

అప్పటి నుంచి ఎవరు "బొమ్మ రావట్లేదు" అని ఫోన్ చేసినా నేను టీవీ గురించి అడగను. చార్జర్ గురించి అడుగుతాను. ఇప్పటి కన్సోల్‌లలో చార్జింగ్‌కీ బొమ్మకీ దారి ఒకటే, ఆ టైప్-సీ పోర్టే. స్విచ్ లాంటివాటికి కరెంటు సరిపోలేదంటే బొమ్మ కూడా రాదు. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

అసలు మీ దానికి బొమ్మ బయటికి పంపే శక్తి ఉందా?

వైర్లు కొనే ముందు ఇది తేల్చుకోండి. టైప్-సీ పోర్టు కనబడింది కదా అని బొమ్మ వస్తుందనుకోవద్దు. టైప్-సీ అనేది పోర్టు ఆకారం పేరు మాత్రమే. దాని వెనక ఏముందో ఆ ఆకారం చెప్పదు.

దీనికి అందరికంటే బాగా దొరికిపోయేది స్విచ్ లైట్ కొన్నవాళ్లు. 2019లో వచ్చిన ఆ చిన్న స్విచ్‌కి కింద అదే టైప్-సీ పోర్టు ఉంటుంది, ఆటలూ అవే. కానీ టీవీకి బొమ్మ పంపే ఏర్పాటు లోపల లేదు. ఏ డాక్ పెట్టినా, ఏ హబ్ (ఒక టైప్-సీ పోర్టుని నాలుగైదు పోర్టులుగా చీల్చే డబ్బా) పెట్టినా రాదు. 2017 నాటి మామూలు స్విచ్, 2021లో వచ్చిన ఓలెడ్ స్విచ్, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2, ఈ మూడూ టీవీకి పనికొస్తాయి.

స్టీమ్ డెక్, రోగ్ అలై, లీజియన్ గో లాంటివి నిజానికి చేతిలో పట్టే కంప్యూటర్లు. వాటన్నిటికీ టైప్-సీ ద్వారా బొమ్మ వస్తుంది. ప్లేస్టేషన్ పోర్టల్‌కి రాదు. అది ప్రధానంగా ఇంట్లోని పీఎస్5 (ప్లేస్టేషన్ 5) నుంచి వైఫై మీద బొమ్మ తెచ్చుకుని చూపించే తెర. దాన్ని మళ్లీ టీవీకి కలపాలనుకోవడం చెంబుతో తెచ్చిన నీళ్లని తిరిగి బావిలో పోయడం లాంటిది. పీఎస్5 ఎలాగూ టీవీకే ఉంటుంది కదా.

పాతవాటిలో నింటెండో డీఎస్, 3డీఎస్, గేమ్ బాయ్ అడ్వాన్స్, ప్లేస్టేషన్ వీటా, వీటిలో దేనికీ టీవీ పోర్టు లేదు. అయితే చేతి ఆటని పెద్ద తెర మీద చూడాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. గేమ్ బాయ్ ఆటల్ని టీవీలో ఆడటానికి నింటెండో 1994లోనే సూపర్ గేమ్ బాయ్ అని ఒక అడాప్టర్ తెచ్చింది. దాన్ని సూపర్ నింటెండోలో క్యాసెట్ దూర్చినట్టు దూర్చి, దాని నెత్తిన గేమ్ బాయ్ క్యాసెట్ పెట్టాలి. వీటా ఆటల కోసం సోనీ ప్లేస్టేషన్ టీవీ అనే చిన్న డబ్బా విడిగా అమ్మింది. సోనీ పాత చేతి కన్సోల్ పీఎస్‌పీ మాత్రం కొన్ని మోడళ్లలో టీవీకి కలుస్తుంది. ఆ కథ వేరే, చివర్లో చెప్తాను.

టీవీ వెనక పని

గోడకి బిగించిన టీవీ వెనక్కి తల పెట్టి చూడటం ఎవరి వల్లా కాదు. ఫోన్ కెమెరాని వీడియోలో పెట్టి, టార్చ్ వేసి, చెయ్యి మాత్రం వెనక్కి పంపి తిప్పండి. తర్వాత వీడియోని ఆపి ఆపి చూస్తే ప్రతి పోర్టు పక్కనా రాసిన అక్షరాలు కనిపిస్తాయి. నేను రెండు రోజులు తడుముకుంటూ వెతికింది ఇలా అరనిమిషంలో తేలింది.

హెచ్‌డీఎంఐ అని రాసినవి రెండో మూడో ఉంటాయి. పక్కన నంబర్ ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి. వాటిలో ఒకదాని పక్కన "ఏఆర్‌సీ" అనో "ఈఏఆర్‌సీ" అనో ఉంటే అది సౌండ్‌బార్ కోసం. సౌండ్‌బార్ లేకపోతే అదీ వాడుకోవచ్చు, ఉంటే దాని జోలికి వెళ్లకండి. కొన్ని టీవీల్లో ఒకటి రెండు పోర్టుల పక్కనే "4కే 120" (చుక్కలు ఎక్కువున్న బొమ్మ, సెకనుకి 120 సార్లు) లాంటి రాత ఉంటుంది. స్విచ్ 2 కానీ రోగ్ అలై కానీ ఉంటే ఆ పోర్టు వాటికి వదలండి.

హెచ్‌డీఎంఐ ప్లగ్గు ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు సన్నగా ఉంటుంది. ఒక్క తీరులోనే దూరుతుంది. కనబడని చోట బలం పెట్టి తొయ్యకండి, తిప్పి చూడండి. చివర్లో కొంచెం బిగువుగా వెళ్లి ఆగితే అది కూర్చున్నట్టు. పైపైన ఆనించి వదిలేస్తే బొమ్మ వచ్చీ పోతూ ఉంటుంది, మీరేమో వైరుని తిడుతూ ఉంటారు.

మరీ పాత టీవీ అయి, పసుపు, ఎరుపు, తెలుపు గుండ్రటి రంధ్రాలే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బా కావాలి. ఇక్కడ దిక్కు ముఖ్యం. "హెచ్‌డీఎంఐ టు ఏవీ" వేరు, "ఏవీ టు హెచ్‌డీఎంఐ" వేరు. డబ్బాలు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. ఆ డబ్బాకి సాధారణంగా సొంత యూఎస్‌బీ కరెంటు కూడా కావాలి. ఇన్ని చేశాక బొమ్మ వస్తుంది కానీ మెనూలో అక్షరాలు అలికినట్టుంటాయి. కార్ల పందేలకి ఫర్వాలేదు, చదివే పని ఎక్కువున్న ఆటలకి నేనైతే వద్దంటాను.

స్విచ్ డాక్, నెమ్మదిగా

ముందొక చిన్న గొడవ. ఈ కన్సోల్‌కి స్విచ్ అని పేరు పెట్టినవాడు మన ఇళ్లలో మాటలు విని ఉండడు. మా అక్క ఫోన్‌లో "స్విచ్ వేశావా?" అంటే అడిగేది గోడ మీదిదో చేతిలోదో తెలియక మావాడు రెండుసార్లు తికమకపడ్డాడు. ఇక్కడ నేను కన్సోల్ అంటే ఆడేది, గోడ స్విచ్ అంటే గోడదే.

డాక్ వెనకవైపు ఒక మూత ఉంటుంది, దాన్ని వేలితో లాగి తెరవండి. లోపల ఒకదాని కింద ఒకటి మూడు పోర్టులు. పైది అడాప్టర్‌కి, మధ్యది యూఎస్‌బీ, కిందిది హెచ్‌డీఎంఐ, టీవీకి. పక్కనే చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి, కానీ నలుపు మీద నలుపు, టార్చ్ వేస్తేనే తెలుస్తాయి.

ముందు అడాప్టర్. కన్సోల్‌తో వచ్చినదే. దాని మీద సన్నటి అక్షరాల్లో రెండు లెక్కలు ఉంటాయి: 5 వోల్టులు 1.5 ఆంపియర్లు, 15 వోల్టులు 2.6 ఆంపియర్లు. ఆ రెండోదే మనకి కావాల్సింది. 15ని 2.6తో గుణిస్తే 39 వాట్లు. చేతిలో ఆడుతూ చార్జ్ పెట్టుకోవడానికి మొదటిది చాలు, టీవీకి బొమ్మ పంపాలంటే రెండోది ఉండాలి. నా ఫోన్ చార్జర్ 5 వోల్టులే ఇస్తుంది. డాక్ దాన్ని చూసి టీవీ సంగతి పక్కన పెట్టేసింది, కన్సోల్ తెర మీద ఆట మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. అందుకే నాకు చార్జర్ మీద అనుమానం రాలేదు. అసలు కరెంటే లేకపోతే వెంటనే పట్టుకునేవాణ్ని. కొంచెం కరెంటు ఉండటమే నన్ను ముంచింది.

అడాప్టర్‌ని డాక్‌కి పెట్టి, గోడకి పెట్టి, గోడ స్విచ్ వెయ్యండి. తర్వాత హెచ్‌డీఎంఐ వైరు ఒక కొస డాక్‌కి, ఇంకో కొస టీవీకి. రెండు వైర్లనీ మూత పక్కనున్న సందులోంచి బయటికి తెచ్చి మూత వేసేయండి. లేకపోతే డాక్ నిటారుగా కూర్చోదు.

ఇప్పుడు కన్సోల్. తెర ఉన్న వైపు, డాక్ మీద కన్సోల్ లోగో ఉన్న వైపు ఒకే దిక్కు చూడాలి. పైనుంచి నిటారుగా దించండి. పక్కకి వంచి దించితే అడుగున పైకి పొడుచుకున్న టైప్-సీ ప్లగ్గు మీద బరువు పడుతుంది. ఆ ప్లగ్గు అలా నిలబడే ఉంటుంది, కన్సోలే వచ్చి దాని మీద కూర్చోవాలి. కూర్చున్నాక రెండు సంగతులు గమనించండి. కన్సోల్ తెర ఆరిపోవాలి. డాక్ ముందు కింద ఎడమవైపు చిన్న ఆకుపచ్చ దీపం వెలగాలి. మొదటిసారి తెర ఆరగానే మావాడు "పోయింది మావయ్యా!" అని అరిచాడు. పోలేదు, టీవీకి వెళ్లింది.

టీవీ రిమోట్‌లో "సోర్స్" కానీ "ఇన్‌పుట్" కానీ నొక్కి ఇందాక గుర్తుపెట్టుకున్న నంబర్‌కి వెళ్లండి.

దీపం వెలిగి టీవీలో మాత్రం బొమ్మ లేకపోతే తప్పు డాక్ తర్వాత ఎక్కడో ఉంది: వైరు, పోర్టు, టీవీ సోర్స్. దీపమే వెలగకపోతే తప్పు చాలాసార్లు డాక్ దగ్గరో, దానికి ముందో ఉంటుంది: అడాప్టర్, గోడ సాకెట్, కన్సోల్ సరిగ్గా కూర్చోకపోవడం. ఆ ఒక్క దీపాన్ని చూసుంటే నేను టీవీని రీసెట్ కొట్టేవాణ్ని కాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే అడాప్టర్‌ని రెండు కొసలా పీకేయండి, గోడ నుంచీ డాక్ నుంచీ. అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ఆపి వేయడం కాదు, పూర్తిగా పీకడం. లోపల ఏదైనా ఇరుక్కుపోతే అడాప్టర్ ఇలానే తేరుకుంటుంది. మంత్రంలా అనిపిస్తుంది కానీ ఇలా రెండుసార్లు కుదిరింది నాకు. దారిలో ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే తీసేసి నేరుగా గోడకి పెట్టి చూడండి. హెచ్‌డీఎంఐ దారిలో సౌండ్‌బారో, స్ప్లిట్టర్ డబ్బానో ఉంటే వాటినీ తప్పించి నేరుగా టీవీకి ఇవ్వండి. ఒకసారి బొమ్మ వచ్చాక ఒక్కొక్కటే మళ్లీ చేర్చుకోవచ్చు.

బొమ్మ వచ్చాక కంట్రోలర్లు. కన్సోల్ పక్కల ఉన్న జాయ్-కాన్‌ల వెనక చిన్న గుండ్రటి బటన్ ఉంటుంది. అది నొక్కి పట్టుకుని పైకి జార్చితే ఊడి వస్తాయి. మరీ ఆత్రంగా లాగొద్దు. ఇది స్విచ్, ఓలెడ్ స్విచ్‌ల సంగతి. స్విచ్ 2లో అవి అయస్కాంతంతో అతుక్కుంటాయి, వెనక మీట నొక్కితే ఊడతాయి.

స్విచ్ 2 డాక్ వేరు. పాత డాక్ దానికి పనికిరాదు. టీవీలో 4కే బొమ్మ ఇస్తుంది కాబట్టి దాని ఆకలీ ఎక్కువే, దానితో వచ్చిన అడాప్టర్, దానితో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరే వాడండి. సొరుగులో పదేళ్ల నాటి వైరు దొరికింది కదా అని పెడితే బొమ్మ రావచ్చు, కానీ 4కే రాకపోవచ్చు. స్విచ్ 2 కన్సోల్‌కి పైన ఒకటి, కింద ఒకటి టైప్-సీ పోర్టులు ఉంటాయి. టీవీ పని కిందిదానిదే.

వేరే కంపెనీలు చేసిన చిన్న డాక్‌ల గురించి అందరూ అడుగుతారు. ప్రయాణాల్లో సుఖంగా ఉంటాయి, నిజమే. కానీ 2018 మార్చిలో స్విచ్‌కి 5.0 సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక అలాంటి కొన్ని డాక్‌లలో పెట్టిన కన్సోల్‌లు పూర్తిగా చచ్చిపోయాయి. కరెంటు లెక్క తేడా వస్తే నష్టం డాక్‌కి కాదు, కన్సోల్‌కి. మేనల్లుడి వస్తువుతో ఆ ప్రయోగం నేను చేయలేను.

స్టీమ్ డెక్, దాని అన్నదమ్ములు

వీటికి డాక్ తప్పనిసరి కాదు. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే హబ్ ఏదైనా చాలు, రెండు షరతుల మీద. ఒకటి, హబ్‌కి హెచ్‌డీఎంఐతో పాటు చార్జర్ పెట్టుకునే టైప్-సీ రంధ్రం కూడా ఉండాలి. దాని పక్కన "పీడీ" అని రాసి ఉంటుంది, పవర్ డెలివరీ అని. రెండోది, ఆ హబ్ బొమ్మని నిజంగా మోసేదై ఉండాలి. పెట్టె మీద "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్" అన్న మాట వెతకండి. టైప్-సీ వైరు లోపల చాలా సన్నటి తీగలుంటాయి. వాటిలో వేగంగా డేటా మోసే జతల్ని బొమ్మకి అప్పగించే ఏర్పాటు పేరే ఆల్ట్ మోడ్. ఫోన్‌తో వచ్చే చార్జింగ్ వైర్లలో చాలావాటికి ఆ జతలే ఉండవు. చూడటానికి రెండు వైర్లూ ఒకటే, ఒకదాని కడుపులో మాత్రం సగం తీగలు లేవు. అందుకే "వైరు బాగానే ఉంది, చార్జ్ ఎక్కుతోంది కదా" అన్న వాదన బొమ్మ దగ్గర చెల్లదు.

వరస ఇక్కడా అదే. చార్జర్‌ని హబ్‌కి, హెచ్‌డీఎంఐని టీవీకి, అన్నిటికంటే చివర హబ్‌ని కన్సోల్‌కి. డెక్ చార్జర్ 45 వాట్లది, మొదటి రోగ్ అలైది 65. హబ్ తన ఖర్చుకి కొంత ఉంచుకుని మిగతాది ఇస్తుంది. తక్కువ చార్జర్ పెడితే బొమ్మ వస్తుంది కానీ ఆడుతుండగానే బ్యాటరీ మెల్లగా తగ్గుతూ ఉంటుంది.

డెక్‌ని కలిపాక చాలామంది ఫిర్యాదు ఒకటే: "టీవీలో మెనూ అద్దంలా ఉంది, ఆట మొదలవగానే మసక". కారణం తేలిక. డెక్ తెర 1280 అడ్డం, 800 నిలువు. ఆటలు మామూలుగా ఆ కొలతలోనే గీసి పంపుతాయి, టీవీ దాన్ని సాగదీస్తుంది. లైబ్రరీలో ఆ ఆట పేజీ తెరిచి, చక్రం గుర్తు నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్తే "గేమ్ రిజల్యూషన్" అని ఉంటుంది. దాన్ని డిఫాల్ట్ నుంచి 1920×1080కి మార్చండి. తర్వాత ఆట లోపలి సెట్టింగ్స్‌లో కూడా అదే పెట్టండి. మొదటిది మార్చి రెండోది మరిచిపోతే తేడా ఏమీ కనిపించదు.

అక్కడే 4కే కూడా కనిపిస్తుంది, ఆశపడకండి. లెక్క వేసి చూడండి. డెక్ తెర మీద చుక్కలు సుమారు 10 లక్షలు. 1080పీకి (అంటే 1920×1080కి) దాదాపు 21 లక్షలు, రెట్టింపు. 4కేకి దాదాపు 83 లక్షలు, ఎనిమిది రెట్లు. అదే చిప్పు, అదే ఫ్యాను, ఎనిమిది రెట్ల చాకిరీ. పాత ఆటలకి, 2డీ ఆటలకి 1080పీ హాయిగా నడుస్తుంది. కొత్త భారీ ఆటలకి 720పీకి దిగినా సోఫాలోంచి పెద్దగా తేడా తెలియదు. బొమ్మ నున్నగా లేకపోయినా ఫర్వాలేదు కానీ ఆట ఆగి ఆగి నడిస్తే ఒళ్లు మండుతుంది. మావాడి తీర్పు కూడా అదే.

విండోస్‌తో నడిచే అలై, లీజియన్ గోలలో బొమ్మ రెండు తెరల మీదా కనిపిస్తూ ఇబ్బంది పెడుతుంటే "ప్రాజెక్ట్" మెనూ తెరిచి "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" ఎంచుకోండి. కీబోర్డు ఉంటే విండోస్ బటన్, పీ కలిపి నొక్కితే ఆ మెనూ వస్తుంది. ఆఫీసు ప్రొజెక్టర్ దగ్గర నేను వందసార్లు నొక్కిన జత అది. బొమ్మ టీవీలో, శబ్దం కన్సోల్‌లో వస్తుంటే కంగారుపడకండి, కింద స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే సరి.

బ్లూటూత్ కంట్రోలర్ కలిపినప్పుడు ఆట ఒక్కోసారి కన్సోల్ మీది బటన్లనే మొదటి ఆటగాడిగా లెక్కేసి మీ చేతిలోదాన్ని రెండోవాడిని చేస్తుంది. డెక్‌లో మూడు చుక్కల బటన్ నొక్కితే వచ్చే మెనూలో కంట్రోలర్ల వరస మార్చుకునే వీలుంది. డాక్‌లో ఉన్నప్పుడు గాలి రంధ్రాలు గోడకి ఆనకుండా చూడండి, టీవీ బల్ల కింద అరలో మూసి పెట్టకండి.

పాత కాలం ఆటలు ఆడించే చిన్న రెట్రో కన్సోల్‌లలో కొన్నిటికి బుల్లి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది. వాటిలోనూ మినీ, మైక్రో అని రెండు సైజులు. కంటితో పోల్చుకుని కొనకుండా కన్సోల్ స్పెసిఫికేషన్ చూసి కొనండి.

బొమ్మ వచ్చింది, చెయ్యి తేడాగా ఉంది

మావాడు గంతు బటన్ నొక్కుతున్నాడు, బొమ్మలో మనిషి గోతిలో పడుతున్నాడు. "నేను ముందే నొక్కాను!" అని వాడి ఏడుపు. కన్సోల్ చేతిలో ఉన్నప్పుడు అదే గోతిని కళ్లు మూసుకుని దాటేవాడు. నేను ఆడి చూశాను, వాడన్నది నిజమే.

తప్పు టీవీది. వచ్చిన ప్రతి బొమ్మకీ టీవీ సోకులు చేస్తుంది: రంగు దిద్దుతుంది, కదలికని నున్నగా చేస్తుంది, మధ్యలో లేని బొమ్మలు కల్పించి కలుపుతుంది. సినిమాకి అవన్నీ అందమే, శబ్దాన్ని కూడా అంతే ఆలస్యం చేసి జత కలుపుతుంది కాబట్టి మనకి తెలియదు. ఆటలో మాత్రం వేలికీ కంటికీ మధ్య దూరం పెరుగుతుంది. సెకనుకి 60 బొమ్మలు నడిచే ఆటలో ఒక్కో బొమ్మ ఆయుష్షు సుమారు 17 మిల్లీసెకన్లు. టీవీ నాలుగైదు బొమ్మలు వెనకపడిందంటే గోతి అంచు దాటిపోయినట్టే.

రిమోట్‌లో పిక్చర్ మోడ్ తెరిచి "గేమ్" పెట్టండి. రంగులు కొంచెం వెలిసినట్టు కనిపిస్తాయి, చెయ్యి మాత్రం వెంటనే కుదురుతుంది. ఇది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడిగా గుర్తుంచుకునే టీవీలే ఎక్కువ, కాబట్టి పోర్టు మారిస్తే మళ్లీ పెట్టాలి. కొన్ని కొత్త టీవీలు గేమ్ కన్సోల్ తగలగానే తమంతట తామే గేమ్ మోడ్‌లోకి వెళ్తాయి. బ్లూటూత్ స్పీకర్ జత చేసి ఉంటే అదీ తీసేయండి, శబ్దం బొమ్మ వెనక పరిగెడుతూ ఉంటుంది. అసలు వైరే లేకుండా టీవీకి బొమ్మ పంపే పద్ధతుల్ని ఆటలకి నేను సలహా ఇవ్వనిది ఈ ఆలస్యం వల్లే. చదరంగం లాంటిదైతే ఆడుకోవచ్చు.

ఇంకొకటి, అంచులు. తెర మూలలో ఉండాల్సిన ప్రాణాల లెక్క సగం తెగి కనిపిస్తే టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు నరుకుతోందన్నమాట. టీవీ సెట్టింగ్స్‌లో "జస్ట్ స్కాన్", "స్క్రీన్ ఫిట్" లాంటి పేరుతో ఒక ఎంపిక ఉంటుంది, అది వేయండి. అది లేని టీవీ అయితే స్విచ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో టీవీ భాగంలోకి వెళ్లి "అడ్జస్ట్ స్క్రీన్ సైజ్"తో బొమ్మని కుదించుకోవచ్చు.

పీఎస్‌పీ ఉన్నవాళ్లకి

పాత సొరుగులోంచి పీఎస్‌పీ తీసినవాళ్లు ముందు మోడల్ నంబర్ చూసుకోండి. 1000తో మొదలయ్యే తొలి మోడల్ టీవీకి కలవదు. 2007లో వచ్చిన 2000 నుంచి ఆ వీలు పెట్టారు, 2008 నాటి 3000లో ఇంకాస్త బాగు చేశారు. తేడా ఏంటంటే, 2000తో ఆటలు టీవీలో రావాలంటే కాంపోనెంట్ వైరే కావాలి. మామూలు పసుపు ప్లగ్గు వైరు పెడితే మెనూ, వీడియోలు వస్తాయి, ఆట రాదు. 3000కి రెండు రకాల వైర్లూ సరిపోతాయి.

కాంపోనెంట్ వైరుకి కొసలు ఐదు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, మళ్లీ ఎరుపు, తెలుపు. ఆ రెండు ఎరుపులే కొంప ముంచేది. ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది. వైరు కొసలు ఎలా విడిపోతాయో చూడండి, ఆకుపచ్చ, నీలంతో కలిసి నడిచే ఎరుపు బొమ్మది, తెలుపుతో జతగా ఉండేది శబ్దానిది. అటుదిటు ఇటుదటు అయితే మనుషుల మొహాలు పచ్చగా కనిపించి స్పీకర్లోంచి బరబరమంటుంది.

వైరు పెట్టాక పీఎస్‌పీ మీద తెర వెలుగు మార్చే బటన్‌ని కొన్ని సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకోండి, బొమ్మ టీవీకి మారుతుంది. ఆట మొదలుపెట్టగానే చుట్టూ నల్లటి అంచుతో మధ్యలో చిన్నగా కనిపిస్తుంది. పాడయిందనుకోకండి. దాని బొమ్మ కొలత 480×272 మాత్రమే, సాగదీయకుండా ఉన్నదున్నట్టు పెడుతుంది. టీవీ రిమోట్‌లో జూమ్ ఉంటే కొంత పెంచుకోవచ్చు.

తీసేటప్పుడు

ఆట మధ్యలో కన్సోల్‌ని డాక్‌లోంచి ఎత్తినా స్విచ్‌కి ఏమీ కాదు, బొమ్మ చేతిలోకి వచ్చేస్తుంది, ఆ సరదా కోసమే దాన్ని అలా చేశారు. ఒక చేత్తో డాక్‌ని పట్టుకుని రెండో చేత్తో నిటారుగా పైకి ఎత్తండి. ఒంటి చేత్తో లాగితే డాక్ కూడా వెంట లేచి, టీవీ వెనక హెచ్‌డీఎంఐ వైరుని గుంజుతుంది. డెక్, అలైల విషయంలో ఆటని సేవ్ చేసుకుని, బయటికి వచ్చాకే హబ్ పీకడం మేలు. తెర కొలత హఠాత్తుగా మారితే కొన్ని ఆటలు తట్టుకోలేవు.

హెచ్‌డీఎంఐ వైరుని టీవీ వైపు మాత్రం నేను తీయను. రెండో కొసని టీవీ బల్ల పక్కకి తెచ్చి ఒక క్లిప్పుతో కట్టి ఉంచాను. అడాప్టర్ మీద మావాడు తెల్ల టేపు అంటించి పెద్ద అక్షరాలతో "డాక్‌ది" అని రాశాడు. నా ఫోన్ చార్జర్ మీద కూడా ఒక టేపు అంటించాడు. దాని మీద "ఇది కాదు మావయ్యా" అని ఉంది.